అర మిల్లీమీటరు భాగోతం

మూస్ (చలిదేశాల భారీ దుప్పి) వేటకు కొత్త రైఫిల్ కొనాలని మా బావకు బుద్ధి పుట్టిన నాటి నుంచి ఇంట్లో మరో మాట లేదు. ఏ రకం తూటా పేల్చేది కొనాలి? .338 వించెస్టర్ మాగ్నమా, .35 వీలెనా, 9.3×62 మౌజరా? బుల్లెట్ల లావు వరుసగా 8.6, 9.1, 9.3 మిల్లీమీటర్లు. మొదటిదానికీ రెండోదానికీ తేడా అర మిల్లీమీటరు. మిగిలిన తేడా చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంటుంది. 8.6 అయితే పడను, 9.1 అయితే ఆలోచిస్తానని ఏ మూసూ అనదు కదా!

బావ మాత్రం పెళ్లి సంబంధం చూస్తున్నట్టే వంశాలు ఆరా తీశాడు. 9.3ది పాత కుటుంబం. 1905లో బెర్లిన్‌లో ఓటో బాక్ చేతిలో పుట్టి, ఆఫ్రికాలో పేరు తెచ్చుకుంది. .35 వీలెన్ 1922 నాటిది. .30-06 అనే మరో తూటా కేసు (మందు నింపి, మూతికి బుల్లెట్ బిగించే ఇత్తడి డొల్ల) మెడను వెడల్పు చేస్తే వచ్చిన పిల్ల. అరవై ఏళ్లకు పైగా సొంతంగా తూటాలు చేసుకునేవాళ్ల ఇళ్లలో పెరిగి, ఆ తర్వాత రెమింగ్టన్ కంపెనీకి దత్తత వెళ్లింది. .338 వయసులో వీటన్నిటికంటే చిన్నది, 1958 సంబంధం. కేసు అడుగున వడ్డాణం లాంటి పట్టీ, వేగం ఎక్కువ. భుజం మీద తన్నుడూ ఎక్కువే. ఆ తన్నుడుకు జడిసే బావ చివరికి వీలెన్‌కు తాంబూలాలిచ్చాడు. భుజం సంగతి ఎత్తకుండా, "సమతూకం చూశాను" అన్నాడు.

ఇంత చదివాక ఒక విషయం ఆయన బుర్రలో మేకులా దిగిపోయింది: పేరుకు .35 అంటారు గానీ బుల్లెట్ అసలు కొలత .358 అంగుళాలు. కనబడ్డవాళ్లందరికీ అదే చెప్పాడు. దుకాణానికి వెళ్లి తూటాలు అడిగినప్పుడూ అదే చెప్పాడు. దుకాణదారు మర్యాదస్తుడు. అడిగింది అడిగినట్టే ఇచ్చాడు.

అడవిలో, తెల్లవారుజామున, బావ పెట్టె విప్పి ఒక తూటా నా చేతిలో పెట్టాడు. పొట్టిగా ఉంది. లాంతరు దగ్గరికి జరిపి దాని అడుగు చూస్తే, మధ్యలోని గుండ్రటి ప్రైమర్ (మందు అంటించే బిళ్ల) చుట్టూ అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి: .358 వించెస్టర్. రైఫిల్ గొట్టం మీదేమో .35 వీలెన్. బుల్లెట్ లావు అదే. కేసు మాత్రం 51 మిల్లీమీటర్లు, ఉండవలసింది 63. అర మిల్లీమీటరు కోసం నెలల తరబడి తలబద్దలు కొట్టుకున్న మనిషికి పన్నెండు మిల్లీమీటర్లు కనబడలేదు!

"నీ .30-06 తూటాలు ఇవ్వరా. రెండిటికీ కేసు ఒకటే కదా" అన్నాడు బావ.

"కేసు ఒకటే. బుల్లెట్ సన్నం. గొట్టంలో గిలగిలలాడుతుంది. పైగా ప్రమాదం" అని నా సంచీ మూసేశాను.

మేమిలా వాదించుకుంటుండగా మడుగు అవతల ఒక మగ మూస్ నీళ్లు తాగి, మావైపు ఒకసారి చూసి, తొందరేమీ లేకుండా చెట్లలోకి నడిచిపోయింది.

"9.3 కొనుంటే ఈ గొడవే ఉండేది కాదు. దాంట్లో రెండు రకాలుండవు" అన్నాడు బావ.

9.3లోనే వేరే కేసు పొడవులతో ×57 ఉంది, ×64 ఉంది, ×74 ఆర్ కూడా ఉంది అన్నాను. బావ జేబులోంచి పెన్సిలు తీశాడు.