పాతికేళ్ల అలక

మన కొత్తల్లుళ్లకు అలగడం చేతకాదు. వాచీ పెట్టగానే అలక తీరిపోతుంది. అలకంటే హాంబర్గ్ ప్రొఫెసర్ రైకెన్‌బాఖ్ గారిది. మనిషి పోయాక కూడా పాతికేళ్లు నడిచింది.

1865లో ఇంగ్లండు వృక్షశాస్త్రవేత్త లిండ్లీ చనిపోయాక ఆర్కిడ్ పూలమొక్కల శాస్త్రానికి పెద్దదిక్కు ఈయనే. అమెరికా ఉష్ణమండలపు అడవుల్లో కొత్తది ఏది దొరికినా, ఎండబెట్టి ఈయనకు పంపేవారు. కోస్టారికా నుంచి ఎండ్రెస్ అనే ఆయన మిల్లీమీటర్లలో ఉండే లెపాంథెస్ అనే ఆర్కిడ్ల పువ్వులను రేకు రేకూ విడదీసి, బొమ్మలు గీసి మరీ పంపాడు. ప్రొఫెసర్ గారు చాలావాటిని భద్రంగా దాచారు. అచ్చు వేయిస్తేనే పరిశోధనా ఏమిటి, దాచడం కాదూ?

ఇంతలో లండన్‌లోని వృక్షశాస్త్ర ఉద్యానం క్యూ గార్డెన్స్ వాళ్లు ఆర్కిడ్ల పని రోల్ఫ్ అనే కుర్రాడి చేతిలో పెట్టారు. తోటపనికి వచ్చి పైకెదిగినవాడు! అంతే, ప్రొఫెసర్ గారు అలిగారు. 1889లో ప్రొఫెసర్ గారు పోయాక విల్లు చూస్తే, హెర్బేరియం, అంటే ఎండబెట్టి దాచిన మొక్కల భాండాగారం, మొత్తం వియన్నా మ్యూజియానికి. అదీ పాతికేళ్లు ఎవరూ ముట్టుకోకూడదు.

మొక్కకి మొదట అచ్చులో పెట్టిన పేరే చెల్లుతుంది. అది ఏ మొక్కో తేలాలంటే ఆ ఎండిన మొక్కను అతికించిన అసలు షీటు చూడాలి. షీటేమో పెట్టెలో, పెట్టెకేమో సీలు. బయట మిగిలింది ఆయన అచ్చులో పెట్టిన నాలుగు లైన్ల లాటిన్ వర్ణన. దాంతో ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టేశారు. పాత పువ్వులకే మళ్లీ మళ్లీ బారసాల చేసే భాగ్యం కలిగించినందుకు వృక్షశాస్త్రం ఆయనకు రుణపడి ఉండాలి.

పెట్టెలు 1914లో తెరిచారు. అప్పుడే యూరప్‌లో యుద్ధం, ముహూర్తం పెట్టించినట్టు! తీరా చూస్తే ఆయన చేతిరాత ఒకటి, చదవబోతే కొరుకుడు పడదు. లెక్క తప్పింది మాత్రం ఒక్కచోటే: రోల్ఫ్ 1921 దాకా బతికాడు.

ఇక బెర్లిన్‌లో మరో ఆర్కిడ్ పండితుడు ష్లెక్టర్ గారు బుద్ధిమంతులు. మధ్య అమెరికా ఆర్కిడ్లను వందల్లో వర్ణించి, అచ్చు వేయించి, 1925లో పోయారు. 1943 మార్చిలో బాంబులు పడి ఆయన షీట్లు కాలి బూడిదయ్యాయి. ఇప్పుడు చాలావాటికి హార్వర్డ్‌లో మిగిలిన నకలు బొమ్మలే గతి. అలిగినాయన సొత్తు మాత్రం వియన్నాలో నిక్షేపంగా ఉంది. ఎండ్రెస్ బొమ్మలు ముందేసుకుని ఈ శతాబ్దంలో కూడా కొత్త జాతులకు పేర్లు పెడుతున్నారు.