రేటు పడింది సరే, ఎందుకు పడింది?

కర్నూలు మార్కెట్ యార్డులో వేలానికి ముందు వ్యాపారి గోతం విప్పించి ఒక ఉల్లిగడ్డ చేతిలోకి తీసుకుంటాడు. బొటనవేలితో మెడ దగ్గర నొక్కుతాడు. వేలు మెత్తగా దిగిందంటే తడి ఆరలేదు, సరుకు నిలవదు. గడ్డ ఇవాళ ఎంత ఎర్రగా మెరిసినా, అతను పాడేది పది రోజుల తర్వాత ఆ గడ్డ ఎలా ఉంటుందో లెక్కేసుకునే.

2024 ఆగస్టు 2న అమెరికా షేర్ మార్కెట్ కంప్యూటర్ చిప్‌లు చేసే ఇంటెల్‌ను ఇలాగే నొక్కి చూసింది. ముందు రోజు కంపెనీ చెప్పిన లెక్కల ప్రకారం మూడు నెలల అమ్మకాలు 12.8 బిలియన్ డాలర్లు. ఏడాది కిందటితో పోలిస్తే ఒక్క శాతమే తక్కువ. 1.6 బిలియన్ల నష్టం వచ్చిన మాట నిజమే. కానీ ఇన్వెస్టర్లను ఎక్కువగా బెదరగొట్టింది రాబోయే మూడు నెలల అంచనా. 14 బిలియన్ల పైనే వస్తాయని విశ్లేషకులు అనుకుంటుంటే, 12.5 నుంచి 13.5 మధ్య అంది కంపెనీ. దానికి తోడు 15 శాతం ఉద్యోగాల కోత, వాటాదారులకు 1992 నుంచి పంచుతున్న డివిడెండ్‌కు బ్రేకు. తెల్లారేసరికి షేరు 26 శాతం పడింది. 1974 తర్వాత ఒక్క రోజులో అంతగా పడటం అదే.

చిప్ కంపెనీ అంచనా తగ్గించిందని వినగానే చిప్‌ల పని అయిపోయిందనేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. నా మిత్రుడొకడు అమెరికా టెక్ షేర్లు కొనే నాస్‌డాక్ ఫండ్‌లో నెలకు రెండు వేలు కడతాడు. యాప్‌లో ఎరుపు కనిపిస్తే చాలు, రాజ్‌విహార్ దగ్గర తాగుతున్న టీ కూడా పక్కన పెట్టేస్తాడు. పెట్టింది వేలల్లో, టెన్షన్ మాత్రం కోట్లలో.

అసలు చూడాల్సింది అంచనా ఎందుకు తగ్గిందని. 2022 ఆగస్టులో ఇంకో చిప్ కంపెనీ ఎన్విడియా మూడు నెలల అమ్మకాలు 8.1 బిలియన్లు వస్తాయనుకున్న చోట 6.7 బిలియన్లే వచ్చాయని ముందుగానే చెప్పేసింది. కంప్యూటర్ గేమ్‌లకు వాడే గ్రాఫిక్స్ కార్డుల అమ్మకం తగ్గి, నిల్వలు పేరుకున్నాయి. అక్టోబరులో మరో చిప్ కంపెనీ ఏఎండీదీ అదే కథ, 6.7 అనుకుంటే 5.6. కరోనా రోజుల్లో దొరకవేమోనని అందరూ ఎగబడి కొన్నారు, ఆ తర్వాత కొనేవాళ్లు తగ్గారు. పత్తికొండ టమాటా చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రేటు బాగుందని అందరూ వేస్తారు, పంటంతా ఒకేసారి వస్తే రోడ్డు మీద పారబోస్తారు. నిల్వ కరిగాక రేటు మళ్లీ లేస్తుంది. ఎన్విడియాకు లేచింది.

ఇంటెల్ది ఆ జబ్బు కాదు. కొత్త తరం చిప్‌ల తయారీలో ఏళ్ల తరబడి ఆలస్యమైంది, ఇతర కంపెనీలకు చిప్‌లు చేసిపెట్టే తైవాన్ టీఎస్ఎంసీ దాటిపోయింది, ఏఐ చిప్‌ల కోసం పెట్టే డబ్బులో ఎక్కువ భాగం ఎన్విడియాకు పోయింది. మహారాష్ట్ర ఉల్లి వస్తే మన ఖరీఫ్ గడ్డను పక్కకు నెట్టేస్తారే, అలాంటిది. అక్కడ తేడా పంట ఎక్కువై కాదు, నిలవ గుణం తక్కువై. 2025లో మన గడ్డను క్వింటా 1,200కు ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఇంటెల్‌లోనూ అమెరికా ప్రభుత్వం దాదాపు పదో వంతు వాటా తీసుకుంది, షేరు 20.47 డాలర్ల లెక్కన. పతనం రోజు ముగింపు ధర 21.48. ఇన్వెస్టర్లు ఆ రోజు తొందరపడ్డారని నేననుకోను.

మనకు ఇంకా దగ్గరి కథ ఒకటుంది, దాన్ని ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు. కర్నూలు పక్కనే ఓర్వకల్లులో రానుందంటున్న ఇండిచిప్ అనే చిప్‌ల ఫ్యాక్టరీది మామూలు సిలికాన్ కాదు, సిలికాన్ కార్బైడ్. ఎలక్ట్రిక్ కార్లకు పనికొచ్చేది. ఒప్పందం 14,000 కోట్లకు. అమెరికాలో ఇదే సరుకు చేసే వుల్ఫ్‌స్పీడ్ 2024 నవంబరులో అంచనా తగ్గిస్తే షేరు ఒక్క రోజులో మూడో వంతుకు పైగా పడింది. 2025 జూన్ ఆఖరుకు దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెళ్లింది. కార్ల గిరాకీ అనుకున్నంత పెరగలేదు, చైనా కంపెనీలు చవగ్గా దించాయి, ఫ్యాక్టరీల కోసం తెచ్చిన అప్పు మెడకు చుట్టుకుంది. నెలకు పదివేల వేఫర్లతో (చిప్‌లు చెక్కే పలచటి బిళ్లలు) మొదలుపెడతామంటున్న ఓర్వకల్లులో ఆ వేఫర్లను ఎవరు కొంటారు, ఏ రేటుకు? భూమిపూజ కంటే ముందు అడగాల్సిన మాట ఇది.

మొన్న మిత్రుడితో ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, ఓర్వకల్లు రోడ్డులో తాను చూసొచ్చిన ప్లాటు ఫొటో చూపించాడు.