ఆఫర్ లెటర్ తర్వాత ఆరు నెలలు

ఆదివారం రాత్రి పదకొండు దాటాక అనంతపురం ఆర్టీసీ బస్టాండుకు ఒకసారి వెళ్లి చూడండి. బెంగళూరు బస్సు కోసం పిల్లలు గుంపులుగా నిలబడి ఉంటారు, భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో చెనిక్కాయల పొడి, ఊరగాయ డబ్బాలున్న సంచి. రెండు మూడేళ్లుగా పోయి వస్తున్నవాళ్లు ఫోన్ చూసుకుంటూ ధీమాగా ఉంటారు. ఈ జూలైలోనో ఆగస్టులోనో కొత్తగా చేరినవాళ్లను మాత్రం ముఖం చూసే గుర్తుపట్టొచ్చు. సాగనంపడానికి వచ్చిన తండ్రి ఏదో అడుగుతుంటాడు, వీళ్లు "బాగానే ఉంది నాయనా" అంటుంటారు. రెండొందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, తెల్లారేసరికి బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు, తొమ్మిదిన్నరకల్లా ఆఫీసు. ఆ "బాగానే ఉంది" వెనక ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ప్లేస్‌మెంట్ వచ్చిన రోజు హడావుడి అందరికీ తెలిసిందే. కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీ పడుతుంది, ఫొటో కింద ప్యాకేజీ అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఊళ్లో నలుగురూ వచ్చి అభినందిస్తారు. మేమూ జిల్లా పేజీల్లో ఆ వార్తలు వేస్తూనే ఉన్నాం. కానీ ఆ పిల్లలు చేరాక ఎలా ఉన్నారని కాలేజీ అడగదు, మేమూ అడగలేదు. ఉద్యోగం సంపాదించడానికి ఎంత సాయం చేశామో, అందులో కుదురుకోవడానికీ అంత సాయం చేయాలి, ఆ పనిలో మొదటి బాధ్యత కాలేజీలదే అని మా అభిప్రాయం.

ఎందుకంటే మన కాలేజీలు నేర్పిన అలవాట్లే అక్కడ కాళ్లకు అడ్డం పడుతున్నాయి. నాలుగేళ్లూ ఒక పద్ధతికి అలవాటు పడతారు. సిలబస్ ఎవరో ఇస్తారు, పరీక్ష తేదీ ఎవరో చెప్తారు, చివరి వారం రాత్రుళ్లు మేలుకుని ఇంపార్టెంట్ క్వశ్చన్లు చదివితే గట్టెక్కొచ్చు. క్లాసులో డౌట్ అడిగితే వెనక బెంచీలో ఎవడో నవ్వుతాడు, కొన్నిచోట్ల లెక్చరరే విసుక్కుంటాడు. దాంతో ఏమీ అర్థం కాకపోయినా తల ఊపడం అలవాటవుతుంది. ఆఫీసులో ఆ తల ఊపడమే కొంప ముంచుతుంది.

కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి వెళ్లిన ఒక కుర్రాడు మాతో చెప్పింది వినండి. చేరిన మూడో వారం టీమ్ లీడ్ ఒక చిన్న పని ఇచ్చి ఇంగ్లిషులో గబగబా ఐదు నిమిషాలు వివరించి "అర్థమైందా" అన్నాడట. సగం అర్థం కాలేదు, అయినా "ఎస్ సార్" అనేశాడు. మొదటి రోజంతా పాత ఫైళ్లు తిరగేశాడు. రెండో రోజు పక్క సీటు అమ్మాయిని అడుగుదామనుకుని, మళ్లీ ఏమనుకుంటుందోనని ఊరుకున్నాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌కు కూడా పోలేదు, ఎవరైనా "ఎంతవరకొచ్చింది" అంటారేమోనని భయం. మూడో రోజు పొద్దున మీటింగులో లీడ్ అడిగితే నోట మాట రాలేదు. తిడతాడనుకుంటే ఆయన తిట్టలేదు. "మొన్నే చెప్పి ఉంటే పది నిమిషాల పని కదప్పా, ఇప్పుడు నేను క్లయింటుకు ఏం చెప్పాలి" అన్నాడు. ఆ లీడ్‌ది కూడా మన సీమేనట, కదిరి దగ్గర ఊరు. మూడు వారాలు ఒకే గదిలో కూర్చున్నా ఆ సంగతి ఇద్దరికీ తెలియదు!

పని రాకపోవడం తప్పు కాదు, మొదటి ఆరు నెలలు ఎవరికీ రాదు. ఆ సంగతి కంపెనీకీ తెలుసు, అందుకే చాలాచోట్ల ఆరు నెలలు ప్రొబేషన్, అంటే పని నేర్చుకునే పరీక్షా కాలం, పెడతారు. ఆలస్యమవుతుందని ముందే చెప్పకపోవడమే అక్కడ తప్పు. "నాకు ఇంతవరకు అర్థమైంది, ఇక్కడ ఆగిపోయాను, సాయంత్రానికి కాదు" అన్న ఒక్క ముక్క మన పిల్లల నోటి నుంచి బయటికి రావడానికి నెలలు పడుతోంది. ఇంగ్లిషు రాదన్న బెంగ దీనికి తోడు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలకు మా మాట ఒకటే, రెండు పొట్టి వాక్యాల్లో తప్పులతోనైనా సరే చెప్పండి. విషయం సరిగ్గా ఉంటే వ్యాకరణం ఎవరూ పట్టించుకోరు.

ఇక జీతం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, దీని దగ్గర ఇళ్లలో గొడవలే అవుతున్నాయి కాబట్టి. ఏడాదికి రూ.3,60,000 ప్యాకేజీ అంటే నెలకు ముప్పై వేలు చేతికొస్తుందని నాయన లెక్క వేసుకుంటాడు, ఊళ్లో చెప్పుకుంటాడు కూడా. కానీ ఆ అంకె సీటీసీ, అంటే కంపెనీ ఆ మనిషి మీద పెట్టే మొత్తం ఖర్చు. బేసిక్, అంటే మూల వేతనం, నెలకు రూ.15,000 అనుకుంటే, అందులో 12 శాతం, రూ.1,800 కంపెనీ వాటా పీఎఫ్‌ (భవిష్య నిధి)గా ప్యాకేజీ నుంచే పోతుంది. ఏళ్ల తరబడి పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, సుమారు రూ.720 కూడా చాలా కంపెనీలు అందులోనే చూపిస్తాయి. మిగిలిన దాంట్లోంచి మళ్లీ ఉద్యోగి వాటా పీఎఫ్ రూ.1,800, ఆపైన వృత్తి పన్ను రూ.200. అన్నీ పోగా చేతికొచ్చేది పాతిక వేల అయిదొందల లోపు. ఏడాది చివర్లో ఇచ్చే వేరియబుల్ పే కూడా ప్యాకేజీలో కలిపి ఉంటే ఇంకా తగ్గుతుంది. ఇందులో మోసమేమీ లేదు, పీఎఫ్ డబ్బు మీ పేరు మీదే ఉంటుంది, ఉద్యోగం మారినా అదే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు ఇస్తే చాలు. కానీ ఈ లెక్క ముందుగా ఎవరూ చెప్పకపోవడంతో, మొదటి జీతం పడ్డ రోజు కూతురు సంతోషంగా ఇంటికి ఫోన్ చేస్తే "మిగతా డబ్బులేం చేశావ్" అన్న ప్రశ్న ఎదురవుతోంది. పీజీ హాస్టల్ అద్దె, బస్ పాసు, ఆఫీసుకు తగిన రెండు జతల బట్టలు, చెప్పులు కాకుండా షూలు, మొదటి జీతం రాకముందే వీటికి చేసిన చేబదులు... అన్నీ చెప్పుకోలేక ఆ పిల్ల ఫోన్ పెట్టేస్తుంది.

తల్లిదండ్రులను మేం తప్పుపట్టడం లేదు. వాన ముఖం చాటేసే ఈ జిల్లాలో, ఒకటికి రెండు బోర్లు వేసి నీళ్లు పడక అప్పు మిగిలిన ఇంట్లో కొడుకు ఉద్యోగం మీద ఎంత ఆశ ఉంటుందో మాకు తెలుసు. అయినా ఒక మాట అడుగుతున్నాం. మొదటి ఆరు నెలలు ఆ జీతాన్ని అప్పుల లెక్కలోకి రానివ్వకండి. ఇల్లు తన మీదే ఆధారపడి ఉందన్న టెన్షన్‌లో ఉన్నవాడు తప్పు చేస్తానేమోనని భయపడతాడు, భయపడ్డవాడు అడగడు, అడగనివాడు నేర్చుకోలేడు.

పెనుకొండ దగ్గర 2019లో కార్ల తయారీ మొదలుపెట్టిన కియాలో, చుట్టుపక్కల విడిభాగాల కంపెనీల్లో చేరినవాళ్ల కష్టం వేరు. ఇంటికి దగ్గరే కానీ షిఫ్టులు. నైట్ డ్యూటీ చేసి పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే "పగలంతా నిద్రేనా" అనేవాళ్లుంటారు. రాత్రంతా నిలబడి పనిచేసిన మనిషికి ఆ నిద్ర హక్కు, తలుపు వేసి పడుకోనివ్వండి. ఆడపిల్లలు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. చేరిన రోజే అందులో ఎవరెవరున్నారో అడిగి రాసుకోండి.

ఇప్పుడు కాలేజీల సంగతి. 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో మన ఊరికి వచ్చిన ఇంజినీరింగ్ కాలేజీయే 2008లో జేఎన్‌టీయూ అనంతపురం యూనివర్సిటీ అయింది. సీమ జిల్లాల కాలేజీలు ఎన్నో దాని కిందే ఉన్నాయి, కాబట్టి అడగాల్సింది కూడా దాన్నే. ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు, మంచి ఆలోచన. అమల్లో మాత్రం ఎంతోమంది డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుని, ఆ నెలలు ఇంట్లోనే గడిపేస్తున్నారని విద్యార్థులే చెబుతున్నారు. ఒక్క రోజు కూడా ఆఫీసు మొహం చూడని వాడికి ఇంటర్న్‌షిప్ చేసినట్టు కాగితం ఇవ్వడం వాడికి చేసే అన్యాయం. అనంతపురంలోనే చిన్న వర్క్‌షాపో, ఆడిటర్ ఆఫీసో, కరెంటు ఆఫీసో ఏదైనా సరే, టైముకు వెళ్లి పై మనిషికి రోజూ లెక్క చెప్పి రావడం రెండు నెలలు నిజంగా జరిగితే అది డబ్బు కట్టి తెచ్చుకున్న కాగితం కంటే వెయ్యి రెట్లు మేలు.

దాంతోపాటు, చేరినవాళ్ల బాగోగులు చూడడానికి ప్రతి కాలేజీ ఒక లెక్చరర్‌ను పెట్టాలి. నెలకోసారి ఫోన్ చేసి మాట్లాడితే చాలు, దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. నిద్ర పట్టక, తిండి సయించక, ఆఫీసు పేరు చెబితేనే గుండె దడ పుడుతోందంటే "సర్దుకుంటుందిలే" అని కొట్టిపారేయకుండా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమని చెప్పాలి. అది మానసిక ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు.

బెంగళూరులో, హైదరాబాదులో ఐదారేళ్లుగా కుదురుకున్న మన సీమ పిల్లలకూ ఒక మాట. మీ ఫ్లోర్‌లో కొత్త బ్యాచ్ చేరినప్పుడు ఆ లిస్టులో ఊరి పేర్లు ఒకసారి చూడండి. గుంతకల్లో ధర్మవరమో తాడిపత్రో కనిపిస్తే ఆ మొదటి వారమే వాళ్ల సీటు దగ్గరికి వెళ్లి టీకి రమ్మనండి, తెలుగులో పలకరించండి. వచ్చే ఆదివారం రాత్రి బస్సులో మీ పక్క సీటులో కూర్చునేది కూడా వాళ్లే కావొచ్చు.