బిగిస్తే చాలన్న పెట్టె గారికి

మహారాజశ్రీ ఫ్యూయల్ ట్యూనర్ గారి దివ్య సముఖమునకు,

తిరుపతి నుంచి నమస్కరించి వ్రాయునది. సైలెన్సర్, ఫిల్టర్ మార్చిన బండ్లకు ఇంజెక్టర్ పోసే పెట్రోలును హెచ్చుతగ్గులు చేసే పెట్టె కదా తమరు. ఇక్కడ బండ్లు క్షేమం కాదు. తమరి క్షేమం మాత్రం సీటు కింద పచ్చలైటు రూపంలో తెలుస్తానే ఉంది.

నిన్న మధ్యాహ్నమంతా రేణిగుంట రోడ్డు షెడ్డులో తమరి ముందు చేతులు కట్టుకుని నిలబడేదానికే సరిపోయింది. అట్టడబ్బా మీద "ప్లగ్ అండ్ ప్లే, పావుగంటలో బిగించుకోండి" అని రాసుకున్నారు. అబద్ధమని అనను. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కప్లర్ ఊడదీసి మధ్యలో తమరిని దూర్చడం, యాక్సిలరేటర్ ఎంత తిప్పామో చెప్పే టీపీఎస్‌కు ఒక తోక, ఇంజను చుట్లు చెప్పే క్రాంక్ సెన్సర్‌కు ఒక తోక, బ్యాటరీ మైనస్‌కు నల్ల వైరు. పావుగంటే. ఆ తర్వాతి నాలుగు గంటల సంగతి డబ్బా మీద లేదు. 3000 ఆర్‌పీఎం దగ్గర ముక్కేది ముక్కుతానే ఉంది, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్ పేలేది పేలుతానే ఉంది. కొత్తగా చేరింది పెట్రోలు వాసనొక్కటే.

లోపల రెడీమేడ్ మ్యాప్ ఒకటి (ఏ ఆర్‌పీఎంలో, ఎంత యాక్సిలరేటర్‌కు, ఎంత పెట్రోలు కలపాలో గడులు గడులుగా రాసిన పట్టిక) నింపి పంపారు గదా, దాని మీద వినయంగా కొన్ని సందేహాలు. ఆ మ్యాప్ ఏ సైలెన్సర్‌కు రాసినారు స్వామీ? చప్పుడు తగ్గించే డీబీ కిల్లర్ ఉన్నిందా, పీకేసిందా? ఇంజను నుంచి సైలెన్సర్‌కు పోయే బెండు పైపులో, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్నిందా? గాలి ఫిల్టర్ కంపెనీదా, బయటిదా? అన్నిటికన్నా ముఖ్యం, ఏ పెట్రోలు పోసి రాసినారు? అచ్చం పెట్రోలు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాల. 10 శాతం ఇథనాల్ కలిస్తే 14.1. ఇప్పుడు మన బంకుల్లో పోసే ఈ20కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిసినదానికి, 13.5 చుట్టూ. అంటే ఇథనాల్ లేని పెట్రోలు మీద రాసిన మ్యాప్ తెచ్చి ఇక్కడ పెడితే, ఫుల్ త్రాటిల్‌లో ఏడెనిమిది శాతం లీన్, అంటే పెట్రోలు తక్కువ. ఫిల్టర్, సైలెన్సర్ల లెక్క ఇంకా మొదలే కాలేదు.

పోనీ, మ్యాప్ ఎవరిదైతేనేం. ఈ బండిలో పెట్రోలు, గాలి మిక్చర్ ఎట్ట మండుతోందో తమరికి ఎట్ట తెలుస్తుంది? పొగలో ఆక్సిజన్ చూసే కంపెనీ ఓ2 సెన్సర్ చెప్తుందంటారా? అది న్యారోబ్యాండ్. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు, తక్కువైతే 0.1 వోల్టు, ల్యాంబ్డా (ఉన్న గాలిని కావాల్సిన గాలితో భాగిస్తే వచ్చే అంకె; 1 కన్నా తక్కువంటే పెట్రోలు ఎక్కువని) 1 దాటేటప్పుడు మధ్యలో ఒక్క దూకు. ఫుల్ త్రాటిల్‌లో మనకు కావాల్సింది 0.88 చుట్టుపక్కల. అది 0.88లో ఉందో, 0.80కి దిగి ప్లగ్గుకు మసి పూస్తోందో ఆ సెన్సర్‌కు తెలీదు. సెన్సర్‌కు తెలీందే తమరికీ తెలీదు. ల్యాంబ్డా ఎంతో అంకెతో చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్ లేకుండా ట్యూనర్ అని పేరు పెట్టుకునేదానికి సిగ్గుండాల. అయ్యో, మర్యాద తప్పింది. తమరికి సిగ్గుండాల.

వైడ్‌బ్యాండ్ పెట్టడం బ్రహ్మవిద్యేం కాదు. చాలా బండ్లలో కంపెనీ ఓ2 సెన్సర్ మర 12 ఎంఎం; వైడ్‌బ్యాండ్‌కు 18 ఎంఎం, 1.5 పిచ్ బంగు (సెన్సర్ బిగించే మర రింగు) కావాల, కాబట్టి బెండు పైపుకు కొత్తగా వెల్డింగ్ చేయించాల్సిందే. సెన్సర్ మూతి కిందికి చూసేట్టు, అడ్డానికి కనీసం 10 డిగ్రీలు పైకి వాల్చి పెట్టాల. లేకుంటే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైపులో చేరిన నీళ్లు వేడి సెన్సర్‌కు తగిలి లోపలి పింగాణీ చిట్లిపోతుంది. సైలెన్సర్ చివర దూర్చి కొలిచే మహానుభావులు కూడా ఉన్నారు. ఐడ్లింగ్‌లో బయటి గాలి వెనక్కి దూరి, లేని లీన్‌ను చూపిస్తుంది. దాన్ని నమ్మి ఇంకాస్త పెట్రోలు పోస్తారు.

రీడింగ్ వచ్చినాక లెక్క చిన్నది. వచ్చిన ల్యాంబ్డాను కావాల్సిన ల్యాంబ్డాతో భాగించాల. 0.98 వస్తోంది, 0.88 కావాల అంటే 1.11, ఆ గడిలో 11 శాతం కలపాల. మొదట సగమే కలిపి మళ్లీ కొలవాల, పక్క గడులు కూడా మెట్లు మెట్లుగా సర్దాల. వైడ్‌బ్యాండ్ మీటరులో 14.7, 13.2 అని కనపడే అంకెల జోలికి పోకూడదు: బంకులో పెట్రోలు మారిన సంగతి మీటరుకు తెలీదు, ల్యాంబ్డా 1 వచ్చినప్పుడల్లా 14.7 అనే చూపిస్తుంది. ఇంత పని ఉంటే, "ప్లే" ఎక్కడయ్యా ఇందులో?

ఇంక నీకూ, ఇంజనును నడిపే కంపెనీ కంప్యూటరు ఈసీయూకూ కాపురం. (తమరు అనేదానికి నోరు రావడంలేదు, ఏమీ అనుకోవద్దు.) 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినాక బండ్లు మామూలు స్పీడులో క్లోజ్డ్ లూప్‌లోనే, అంటే ఓ2 సెన్సర్ చెప్పేదాన్ని బట్టి ఈసీయూ పెట్రోలు సర్దుకుంటానే, నడుస్తాయి. 4000 ఆర్‌పీఎంలో నింపాదిగా పోతుంటే నువ్వు ఎనిమిది శాతం ఎక్కువ పోస్తావు. ఓ2 సెన్సర్ ఎక్కువైందంటుంది. ఈసీయూ ఎనిమిది శాతం కోస్తుంది. పెండ్లి వంటకాడ ఒకడు సాంబారులో ఉప్పేస్తుంటే వెనకాలే ఇంకొకడు నీళ్లు పోసినట్టు. నష్టం అక్కడితో ఆగినా బాగుండు. ఆ కోతను ఈసీయూ లాంగ్ టర్మ్ ట్రిమ్ అనే గుర్తుపెట్టుకునే దిద్దుబాటులో రాసుకుంటుంది, కొన్ని ఈసీయూలు దాన్నే ఫుల్ త్రాటిల్‌కు కూడా మోసుకుపోతాయి. పెట్రోలు నిజంగా కావాల్సిన చోట, నీ పుణ్యాన, ఇంకా తక్కువ పడుతుంది. దీనికి మందు ఓ2 సిగ్నల్ కూడా నీ గుండానే పోవడం, ఈసీయూ పట్టుకునే గురిని 0.97కో 0.96కో జరపడం. ఆ మాడ్యూల్ డబ్బాలో ఉందా? లేదు. వేరే కొనుక్కోవాల. దాని బదులు ఓ2 సెన్సర్ పీకి రెసిస్టర్ ముక్క పెట్టమనే సలహా ఒకటి తిరుగుతా ఉంటుంది. 2023 ఏప్రిల్ తర్వాతి, తప్పులను తానే కనిపెట్టే ఓబీడీ-2 బండ్లకు ఆ ముక్క పెడితే మీటరులో ఇంజను లైటు వెలిగి కూర్చునేదానికే ఎక్కువ అవకాశం.

ఐడ్లింగ్‌లో పెట్రోలు వాసన ఎందుకో తెలుసా నీకు? ఇంజెక్టర్‌కు కరెంటు అందినాక సూది లేచేదానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. ఐడ్లింగ్‌లో పల్సే రెండు మిల్లీసెకన్లు అనుకుందాం, అంటే పెట్రోలు నిజంగా పడేది ఒక్క మిల్లీసెకనే. నువ్వు అమాయకంగా మొత్తం మీద 10 శాతం కలిపితే 0.2 చేరుతుంది, పడే పెట్రోలు మీద అది 20 శాతం. చిన్న త్రాటిల్ గడుల్లో రెండేసి శాతం మాత్రమే కదపాల అని నీ కాగితంలో ఒక్క వాక్యం రాసుంటే చాలు. ఆ కాగితంలో స్టిక్కర్ ఎక్కడ అంటించాలో మాత్రం బొమ్మతో సహా ఉంది.

ఆ కొసన కూడా అంతే. 8000 ఆర్‌పీఎంలో ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకు 15 మిల్లీసెకన్లు. కంపెనీ మ్యాపే 12 మిల్లీసెకన్లు ఇంజెక్టర్ తెరిచి పెడుతోందంటే 80 శాతం డ్యూటీ. దాని మీద 11 శాతం కలిపితే 13.3, అంటే 89 శాతం. 85 దాటినాక ఇంజెక్టర్‌కు సరిగ్గా మూసుకునే టైము ఉండదు, నువ్వు కలిపే అంకెకు, పడే పెట్రోలుకు పొంతన పోతుంది. అక్కడ పెద్ద ఇంజెక్టర్ కావాల, పెద్ద మ్యాప్ కాదు. బోరు పెంచి, క్యామ్ మార్చినోళ్లకు నిన్ను అంటగట్టే ముందు ఈ భాగహారం ఎవురైనా చేస్తారా?

వదిలితే పేలే సైలెన్సర్‌కు నీతో పనే లేదని కూడా చెప్పవు. బెండు పైపు హెడ్డును కలిసేచోట గాస్కెట్ లీకైతే గాలి దూరి, మిగిలిన పెట్రోలు పైపులో మండుతుంది. సబ్బునీళ్లు కొట్టి చూస్తే బుడగలొస్తాయి. కొత్త గాస్కెట్ ధర నీ ధర ముందు లెక్కలోకే రాదు.

నవంబరు వానలకు నీ కప్లర్లలో నీళ్లు చేరడం, ల్యాపుటాపు లేనిదే నోరు తెరవకపోవడం, వారంటీ క్లెయిముకు పోయినప్పుడు నిన్ను పీకి జేబులో పెట్టుకోవాల్సి రావడం, ఇవన్నీ సర్దుకుంటాం. గాలి ఉష్ణోగ్రత సెన్సర్ వైరులో రెసిస్టర్ కలిపి, గాలి చల్లగా ఉందని ఈసీయూకు అబద్ధం చెప్పే నీ చిన్న తమ్ముడు ఒకడున్నాడు, పవర్ చిప్ అని. వాని కన్నా నువ్వు మేలు. గుండు కొట్టించుకోవాలంటే మాకు కొండ మీద కల్యాణకట్ట ఉంది, అక్కడ ఉచితం.

ఇంతా చేసి, తిరుమల ఘాటు ఎక్కేదానికి కనీసం 28 నిమిషాలు, దిగేదానికి 40 నిమిషాలు పట్టాలనే లెక్క ఉన్న ఊర్లో పికప్ పెంచుకునే మా తెలివిని కూడా మెచ్చుకోవాల.

వట్టి సైలెన్సర్ చివరి ముక్క మార్చి, క్యాటలిటిక్ కన్వర్టర్, ఫిల్టర్ కంపెనీవే ఉంచినోళ్లకు నీ అవసరం దాదాపు లేదు. బెండు నుంచి చివరిదాకా మార్చి, ఫిల్టర్ కూడా మార్చినోళ్లకు కావాల. ఈసీయూ ఫ్లాష్ చేసే, అంటే దాని లోపలి మ్యాప్‌నే తిరగరాసే వీలున్న బండైతే నీకన్నా అదే శుభ్రం, ఒక కప్లర్ కూడా పెరగదు. సర్వీసు సెంటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే మ్యాప్ పోతుందనేది ఒక్కటే తంటా. ఫ్లాష్ కుదరకపోతే నువ్వే గతి. అప్పుడైనా ముందు వాల్వు క్లియరెన్స్, ఫిల్టర్, పెట్రోలు పంపు ప్రెషర్, బ్యాటరీ వోల్టేజీ చూడాల. ప్రెషర్ తగ్గిన పంపును శాతాలతో దిద్దబోతే, పంపు మార్చిన రోజున మ్యాపంతా తిరగరాయాల.

ఒక మాట ఒప్పుకోక తప్పదు. కొలిచి రాసిన గడులతో నువ్వు పని చేసేటప్పుడు భాకరాపేట ఘాటులో మూడో గేరులో యాక్సిలరేటర్ వెంట్రుకంత తిప్పినా బండి ఉలిక్కిపడకుండా లాగుతుంది. ఆ లాగుడు కంపెనీ మ్యాప్‌లో లేదు. నిన్ను తిరిగి పంపనిది అందుకే.

రేపు పొద్దున బెండు పైపు వెల్డింగ్ షాపుకు పోతుంది. బంగు, వైడ్‌బ్యాండ్ సెన్సర్, కంట్రోలర్, ఓ2 మాడ్యూల్, అన్ని బిల్లులూ నీ పేరు మీదే రాయిస్తాం. డబ్బా మీది "ప్లగ్ అండ్ ప్లే" పక్కన ఆ మొత్తం కూడా అచ్చేయించుకో.

ఇట్లు,
నీ పావుగంటను నమ్మిన షెడ్డు జనం