ఆ మాత్ర అందరికీ పడదు
కండరాలు త్వరగా అలసిపోయి నీరసించే మయస్తీనియా జబ్బున్న పిల్లలకు పిరిడోస్టిగ్మిన్ మాత్ర మొదలుపెడితే చాలు, కోలుకుంటారని వ్యాసంలో రాశారు. అందరికీ అలా ఉండదు. మాది అనంతపురం. మా అక్క కూతురికి పధ్నాలుగేళ్లప్పుడు ఆ మాత్రే ఇచ్చారు. అంతకుముందు రెయిలింగ్ పట్టుకునైనా మెట్లెక్కే పిల్ల, కొన్ని వారాలకే బస్సు ఫుట్‌బోర్డు మీదికి కాలెత్తలేకపోయింది. డోసు చాలలేదేమోనని పెంచారు, ఇంకా దిగజారింది. మామూలు మయస్తీనియా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల వల్ల వస్తుంది, వాటి పరీక్ష నెగెటివ్ వచ్చినప్పుడే ఇది వేరే రకమేమోనని అనుమానించాల్సింది, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి బెంగళూరులో జన్యు పరీక్ష చేయిస్తే తేలింది, ఇది పుట్టుకతో వచ్చే రకమని, డోక్‌7 జన్యువులో లోపమని. ఈ రకానికి పిరిడోస్టిగ్మిన్ మేలు చేయకపోగా నీరసం పెంచుతుందట. మరి పనిచేసిన మందేమిటంటే, ఆస్తమా వాళ్లు వాడే సాల్బుటమాల్ మాత్రలు! మెడికల్ షాపతను "పాపకు ఆయాసమామ్మా?" అని అడిగాడు. మొదట్లో చేతులు వణికేవి, గుండె దడగా ఉందనేది. నెల దాటినా తేడా కనిపించలేదు. మా అక్క టెన్షన్ చెప్పనలవి కాదు, రోజూ పొద్దున్నే పిల్లను గోడ దగ్గర నిలబెట్టి చేతులెత్తించి చూసేది. మూడో నెలలో ఒకరోజు తన జడ తనే వేసుకుంది, మధ్యలో చేతులు దించకుండా.