వచ్చేదుండె

హన్మకొండలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పుకుని బతికే నాకు పిల్లలతో పేచీ అంతా ఫ్యూచర్ టెన్స్ దగ్గరే. విల్, షల్, గోయింగ్ టు, విల్ హావ్ బీన్... ఒక్క రేపటికి ఇన్ని వేషాలెందుకు సార్ అని వాళ్ల గోడు. అందులో న్యాయం లేకపోలేదు. మనకు 'వస్త' అన్న ఒక్క మాటతో లోకం నడుస్తోంది. మా గోడకు ప్లాస్టరింగ్ చేయాల్సిన మేస్త్రి 'రేపొస్త సార్' అంటాడు. అది వాగ్దానమా, జోస్యమా, ఉత్త మర్యాదా? నేను అడగలేదు, ఆయన రాలేదు.

అసలు రహస్యం చెబితే ఫీజు వాపసు అడుగుతారని ఇన్నాళ్లూ దాచాను. ఇంగ్లీషు క్రియకు భవిష్యత్ రూపమే లేదు. నిన్నటికైతే క్రియకు తోక తగిలిస్తారు. రేపటికి తోకా లేదు, తొండమూ లేదు. విల్, షల్‌లను బదులు తెచ్చుకుని నెట్టుకొస్తారు. తనకే భవిష్యత్తు లేని ఆ భాషను మనం భవిష్యత్తు కోసమని పిల్లలకు నేర్పిస్తున్నాం.

పాఠ్యపుస్తకంలో జాన్ రేపు లండన్ వెళ్తాడు. వెళ్లనీ. నేను మాత్రం సిలబస్‌ను ఈ ప్రాంతానికి తిప్పుకున్నాను. గోయింగ్ టు సులువే. 'వాన పడబోతోంది'లో మనమూ దాచుకున్నది 'పోవు'నే. ఎనుమాముల మార్కెట్లో మిర్చి పోసుకున్న రైతు మబ్బు వైపు చూసే చూపే దానికి నిర్వచనం. టైంటేబుల్‌లో ఉన్నవాటికి ఇంగ్లీషువాడు విల్ కూడా దండగని 'ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్' అంటాడు, అంత నమ్మకం. కాజీపేట స్టేషన్ మైకు అంత తొందరపడదు. 'మరికొద్దిసేపట్లో వచ్చును' అంటుంది. రావచ్చును అని మనమే సర్దుకుని వినాలి.

ఇక షల్. దీనికి నేను వారం రోజులు కేటాయిస్తాను. పాఠం 2014 పునర్విభజన చట్టం, 13వ షెడ్యూలు. ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ గురించి కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్, తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ గురించి రైల్వే, 6 నెలల్లో... ఇక్కడ షల్ ఉంది. చట్టంలో షల్ అంటే చేసి తీరాల్సిందే. ఏం చేసి తీరాలి? 'సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి.' షల్ ఎంత గట్టిదో దాని వెనక క్రియ అంత మెత్తనిది. ఈలోగా ఆ ఉక్కు ఫ్యాక్టరీ వస్తదనుకున్న బయ్యారం ఖమ్మం జిల్లాలోంచి మహబూబాబాద్ జిల్లాలోకి మారింది. జిల్లా కదిలింది గానీ ఫ్యాక్టరీ కదల్లేదు.

చివరి పాఠం జరగక మిగిలిపోయిన భవిష్యత్తు. ఇంగ్లీషులో 'వాజ్ గోయింగ్ టు'. ఎక్కడి పిల్లలైనా ఇక్కడ బోర్లా పడతారు, మావాళ్లు మాత్రం కాదు. కోచ్ ఫ్యాక్టరీ కాజీపేటకు వచ్చేదుండె, 1985లో పంజాబ్‌లోని కపుర్తలాలో దానికి పునాది పడ్డది. 'వచ్చేదుండె' అనడం తాతల దగ్గర నేర్చుకున్న పిల్లలకు గ్రామర్ నేనేం చెప్పాలి? అయితే 2023 జులైలో కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేసి, ఇంత మంచి ఉదాహరణను పాడుచేశారు. గ్రామర్ మాస్టర్ల గోస ఏ ప్రభుత్వానికి పట్టింది?

మొన్న ఒక పిల్లగాడు, రెండో బ్యాచ్‌లో కూడా మళ్లీ చేరినవాడు, లేచి నిలబడ్డాడు. "సార్, బయట బోర్డు మీద 60 రోజుల్లో ఫ్లూయెంట్‌గా మాట్లాడతారు అని రాసిండ్రు గదా. అది ఏ విల్ సార్? ప్రామిసా, ప్రిడిక్షనా?"

క్లాసంతా నా వైపు తిరిగింది.

"అది విల్ కాదు బేటా, షల్" అన్నాను. "పరిశీలిస్తం."