931 జీబీల ఇంట్లో 100 ఎంబీల గది

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయికి కమీషన్ కొట్టు ఉంది. ఆ కొట్లో ప్రతి సాయంత్రం సరిగ్గా ఏడు గంటలకు, హమాలీలు చివరి టిక్కీని, అంటే మిర్చి బస్తాను, లారీకెత్తి ముఖాలు కడుక్కొనే వేళకు, కంప్యూటర్ తెర కుడి మూలన ఒక చిన్న పెట్టె లేస్తుంది. బ్యాకప్, అంటే ఖాతాలకు మరో ప్రతి తీసి దాచే పని, విఫలమైందనీ, తగినంత చోటు లేదనీ అందులో ఉంటుంది. సంక్రాంతి మొదలు శ్రీరామనవమి దాకా అది ఒక్క రోజైనా తప్పలేదు. అంతే నిష్ఠతో గుమాస్తా గారు దాని నెత్తిన ఉన్న ఇంటూ గుర్తును నొక్కి మూసివేస్తూ వచ్చారు. కొన్నాళ్లకు ఆ గుర్తు ఎక్కడుందో చూడవలసిన అవసరం కూడా ఆయనకు లేకపోయింది. కుడి చేత్తో పట్టీ రాస్తూనే ఎడమ చేత్తో, అన్నం మీది ఈగను తోలినట్టు, దాన్ని తోలేవారు. సమయపాలనలో మా జిల్లా మొత్తం మీద ఇంతకంటే నమ్మదగిన వ్యవస్థను నేను చూడలేదు.

“ఒరే అబ్బాయ్, చోటు లేదంటోందిరా, నువ్వొకసారి వచ్చి పోవాలి” అని బాబాయి నాకు ఫోను చేసేనాటికే రోగికి తెలిసినవాళ్లందరూ తలా ఒక వైద్యం చేసి ఉన్నారు. ఆ వైద్యాలను నమోదు చేయకుండా వదిలేస్తే రాబోయే తరాలకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

చోటు లేదన్నారు గనుక చోటు చేయాలన్న తర్కంతో గుమాస్తా గారు ఒక ఆదివారం పనిగట్టుకుని కూర్చుని ఫైళ్లు తీసేశారు. పాతవి ముందు పోవాలన్నది ఆయన పాటించిన సూత్రం. ఆ సూత్రం ప్రకారం మొట్టమొదట పోయినవి కిందటేడు ఖాతాల బ్యాకప్‌లు. సూర్యోదయం, గులాబీ, పొగలు కక్కే కాఫీ కప్పు, కింద ఎవరిదో ఒక సూక్తి ఉండే శుభోదయపు బొమ్మలు అదే కంప్యూటర్లో పదకొండు వేల చిల్లర ఉన్నాయి. వాటి జోలికి మాత్రం ఆయన పోలేదు. ఎందుకని అడిగితే, “అవి పెద్దవాళ్లు పంపినవండీ, తీసేస్తే బాగోదు” అన్నారు. ఖాతాలకు పెద్దదిక్కు లేకపోవడం వాటి దురదృష్టం. పైగా తీసేసినవన్నీ వెళ్లి రీసైకిల్ బిన్‌లో కూర్చున్నాయి. వసారాలోని సామాను పెరట్లో పడేస్తే ఇల్లు విశాలంగా కనబడుతుంది గానీ, ఆ పెరడు కూడా అదే సర్వే నంబరులో ఉంటుంది కదా. అయితే ఆ బుట్టను ఖాళీ చేయాలన్న సంగతి ఆయనకు తోచకపోవడం వల్లనే కిందటేడు లెక్కలు నాకు క్షేమంగా దొరికాయి. తెలియనితనం వ్యాపారాన్ని కాపాడిన సందర్భాలు యార్డులో ఇదివరకు కూడా ఉన్నాయని బాబాయి అంటాడు.

హైదరాబాదులో ఉండే బాబాయి అల్లుడు ఫోనులోనే రోగం కనిపెట్టి, బ్యాకప్‌ను డీ డ్రైవ్‌లోకి మళ్లించమని సలహా ఇచ్చాడు. సీ, డీలు రెండూ ఒకే డిస్కులోని రెండు అరలు. బీరువా పోతే రెండు అరలూ పోతాయి. అల్లుడి మాట గనుక దాన్ని ఎవరూ కాదనలేదు, ఎవరూ అమలు చేయనూ లేదు.

ఆఖరికి బాబాయి స్వయంగా బెజవాడ వెళ్లి ఒక టీబీ, అంటే వెయ్యి జీబీల, డిస్కు కొనుక్కొచ్చాడు. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి తగిలించారు. కుంకుమ బొట్టు సరిగ్గా ఆ డిస్కుకున్న చిన్న దీపం మీద పడింది. అది పనిచేస్తున్నదో లేదో బయటి నుంచి తెలుసుకొనే ఏకైక మార్గం ఆ విధంగా మూసుకుపోయింది. ఆ తరువాత అసలు వివాదం మొదలైంది. అట్టపెట్టె మీద ఒక టీబీ అని ఉంది, తెర మీద 931 జీబీ అని ఉంది. నలభై ఏళ్లుగా కాటా పక్కన నిలబడ్డ మనిషి కనుక బాబాయి మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: “తరుగు ఎంత తీశాడ్రా?”

నేను చెప్పవలసినంత గంభీరంగా చెప్పాను. డిస్కు తయారుచేసినవాడు వెయ్యి చొప్పున లెక్కించుకుంటూ పోతాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. లోపలున్న లక్ష కోట్ల బైట్లు ఇద్దరి లెక్కలోనూ అవే, తూచే రాళ్లు మాత్రమే వేరు. రాళ్లు వేరన్న మాట వినగానే ఆయన కళ్లు మెరిశాయి గానీ, ఇందులో ఎవరూ ఏమీ కాజేయలేదని చివరకు తేలేసరికి చాలా నిరాశపడ్డాడు. ఆ రోజు సాయంత్రం ఏడింటికి 931 జీబీల ఖాళీ ఇంటి ముందు నిలబడి విండోస్ మళ్లీ చోటు లేదనే అన్నది. యంత్రానికి అబద్ధాలాడే అలవాటు పట్టుకుందని కొట్లో ఏకగ్రీవంగా తీర్మానించారు.

యంత్రం పక్షాన ఒక మాట చెప్పక తప్పదు. అది మొదటి రోజు నుంచీ నిజమే చెబుతున్నది; కాకపోతే ఆ నిజం రెండో వాక్యంలో ఉంది. 0ఎక్స్80780119 అన్న సంఖ్యతో వచ్చే ఆ సందేశం, డిస్కులో కాపీ చేయవలసిన ప్రతి విభాగంలోనూ నీడ ప్రతి తయారయ్యేంత కనీస ఖాళీ ఉండాలని కూడా చెబుతుంది. నీడ ప్రతి అంటే మరేమీ కాదు. గుమాస్తా గారు పట్టీ రాస్తుండగానే ఆ ఖాతాను కాపీ చేస్తే సగం పాత లెక్క, సగం కొత్త లెక్క పడుతుంది గనుక, విండోస్ ఆ క్షణాన ఉన్నది ఉన్నట్టుగా నిలిపి, ఆ నిలిపిన దాన్ని కాపీ చేసుకుంటుంది. ఆ నీడ నిలబడడానికి కొంచెం జాగా కావాలి. 500 ఎంబీల లోపు విభాగమైతే 50 ఎంబీలు, అంతకు మించినదైతే 320 ఎంబీలు ఖాళీ ఉండి తీరాలన్నది నిబంధన.

కొట్లోని కంప్యూటర్‌లో మొదట విండోస్ 7 వేశారు, తరువాత దాని మీదనే 10 ఎక్కించారు. విండోస్ 7 తనను తాను లేపుకోవడానికి కావలసిన సామాను పెట్టుకొనేందుకు డిస్కు మొదట్లో 100 ఎంబీల గది ఒకటి కట్టుకునేది. ఆ గదికి సీ అనీ డీ అనీ పేరుండదు, ఎవరికీ కనబడదు, కానీ యంత్రంలో ఉన్నదంతటికీ ప్రతిబింబం, అంటే అచ్చు నకలు, తీసేటప్పుడు దాన్ని కూడా కలుపుకోకుండా విండోస్ కదలదు. ఏళ్ల తరబడి అందులో ఫైళ్ల మార్పులు రాసుకొనే చిట్టా ఒకటి పెరుగుతూ వచ్చి, నేను చూసేనాటికి ఖాళీ ముప్పై ఎంబీలకు దిగిపోయి ఉంది. మన కోల్డ్ స్టోరేజీలో వేల టిక్కీలకు చోటున్నా, గేటు దగ్గర రాసుకొనే పుస్తకంలో తెల్ల కాగితం లేదని లారీలన్నిటినీ రోడ్డు మీద నిలబెట్టేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది వ్యవహారం. ఆ పుస్తకానికి కాగితం కొనడం మానేసి మనం పక్కనే మరో కోల్డ్ స్టోరేజీ కట్టాం.

ఆ గదికి తాత్కాలికంగా ఒక అక్షరం పేరుగా ఇచ్చి, లోపలి చిట్టాను తుడిచివేశాను. ఖాళీ అరవై దాటింది. అలా కుదరని చోట గోడ జరిపి గదిని పెంచవలసి వస్తుంది. ఇదంతా పది నిమిషాల పని. కేబినెట్ మూత తీయగానే ఫ్యానులో నుంచి లేచిన కారం ఘాటుకు తుమ్ముతూ కూర్చోవడానికి అంతకంటే ఎక్కువసేపు పట్టింది.

నిజానికి చోటు తక్కువై ఆగిపోయే బ్యాకప్‌లు కూడా లేకపోలేదు. బ్రాడీపేటలో ఆడిటరుగా ఉన్న నా మిత్రుడొకడు రోజూ మొత్తం సరుకును, అంటే అరవై జీబీలను, కొత్తగా కాపీ చేసేలా ఏర్పాటు చేసుకున్నాడు. పాతవాటిని ఎప్పుడు తీసేయాలో మాత్రం దానికి చెప్పలేదు. పదిహేను సాయంత్రాలు గడిచేసరికి తొమ్మిది వందల జీబీలు నిండాయి, పదహారో సాయంత్రం డిస్కు చేతులెత్తేసింది. వారానికొకసారి మొత్తం తీసి, మిగతా రోజుల్లో మారినవి మాత్రమే తీస్తే చాలునని అంటే, “మారినవి మాత్రమే అంటే ఏదో తగ్గినట్టుంటుందండీ” అన్నాడు. అదే మిత్రుడు 32 జీబీల పెన్‌డ్రైవ్‌లో అయిదు జీబీల ఫైలు పట్టడం లేదని దాన్ని అమ్మినవాడితో తగాదా కూడా పెట్టుకున్నాడు. ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్, లోపల ఎంత ఖాళీ ఉన్నా, నాలుగు జీబీలు మించిన ఒక్క ఫైలును లోనికి రానివ్వదు. ఇరుకు గుమ్మం ఉన్న పెద్ద ఇల్లు అది.

ఈ సందర్భంగా ఒక వినతి. సీజనులో రోజుకు లక్ష టిక్కీలు దిగే ఈ యార్డులో తాలు కాయను, అంటే రంగు పోయిన నాసి కాయను, వేరుగా ఏరి, వేరుగా బస్తాకెత్తి, వేరే ధరకు అమ్ముతారు. ఆ పని చేసే ఆడవాళ్ల చేతులు ఒక్క కాయను కూడా పొరపాటున ఇటు వేయవు. కంప్యూటర్‌లో మాత్రం తేజ రకమూ తాలూ ఒకే బస్తాలోకి ఎత్తుతున్నాం. ఒకే గులాబీ బొమ్మ ముగ్గురు పంపితే మూడుసార్లు, దాన్ని వేరే ఫోల్డరులో దాచుకుంటే నాలుగోసారి బ్యాకప్‌లోకి ఎక్కుతున్నది. ఫొటోలు అప్పటికే కుదించి ఉంటాయి గనుక ఎంత నొక్కినా ఇంకా పెద్దగా తగ్గవు. కనుక ప్రతి కొట్లోనూ తాలు ఏరే పదవి ఒకటి సృష్టించాలనీ, అల్లుళ్లను దానికి అనర్హులుగా ప్రకటించాలనీ నా మనవి.

ఇంకొక సలహా ఇవ్వబోయి భంగపడ్డాను. మూడు ప్రతులుండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి అన్నది బ్యాకప్ తెలిసినవారు చెప్పే లెక్క. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడ జిరాక్స్ కొట్టు నడిపే మా పిన్ని తమ్ముడి కంప్యూటరూ దాని బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల మీద నుంచి ఒకే నీళ్లలోకి దిగాయి. ఆ సంగతి గుర్తుచేసి, ఒక డిస్కును లక్ష్మీపురంలోని ఇంట్లో ఉంచమన్నాను. బాబాయి చాలాసేపు ఆలోచించాడు. “ఇంటికి తీసుకెళ్తే మీ పిన్ని ఎక్కడో సర్దేస్తుందిరా. ఇక దొరకదు” అన్నాడు. నీళ్ల కంటే ఆ ప్రమాదమే పెద్దదని ఇద్దరం ఒప్పుకున్నాం.

మర్నాడు రాత్రి ఎనిమిదింటికి గుమాస్తా గారి నుంచి ఫోను వచ్చింది. గొంతులో కంగారు తెలుస్తూనే ఉంది.

“బాబూ, ఏడింటికి రావలసింది ఇంతవరకూ రాలేదండీ. కంప్యూటర్ ఏమన్నా పాడైందంటారా?”